ఎవరూ అడగని నెత్తుటి చుక్క

ప్రయాణానికి ముందు చేతికిచ్చిన కాగితంలో మొదటి సూచన బురదకు తట్టుకునే బూట్ల గురించి. రెండోది పాస్‌పోర్టు నకళ్ల గురించి. చిట్టచివర చిన్న అక్షరాలతో ఇంకొకటి ఉంది: శవాగారంలో ఫొటోలు తీయరాదు, అక్కడ కనిపించిన పేర్లను బయట ఎక్కడా చెప్పరాదు. ఇంగ్లండ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్స్ ఎంఎస్సీ చదువుతున్న 18 మంది 2024 ఏప్రిల్‌లో వారం రోజుల అధ్యయన యాత్రకు బోస్నియా బయల్దేరారు. వారిలో చాలామంది ఆ చివరి వాక్యం దాకా చదవనేలేదు. చదివిన కొద్దిమందిలో సిరిసిల్ల నుంచి వెళ్లిన 23 ఏళ్ల అమ్మాయి ఒకరు.

ఆమెకు ఆ యాత్ర తేలిగ్గా దక్కలేదు. బ్రిటిష్ సహాధ్యాయులు టికెట్ కొనుక్కుంటే సరిపోయింది. భారతీయ పాస్‌పోర్టుకు వీసా కావాలి, దానికి బ్యాంకు పత్రాలు కావాలి, ఆ బ్యాంకు ఖాతాలో ఉన్నదంతా విద్యా రుణమే. వారాంతాల్లో ఒక కేర్ హోమ్‌లో వృద్ధులకు అన్నం తినిపించి సంపాదించిన పౌండ్లు ఖర్చుపెట్టి వెళ్లింది. ‘అంత దూరం పోయి బొక్కలు చూసుడేంది బిడ్డా’ అని తల్లి ఫోన్లో విసుక్కుంది. కోర్సులో చేరేటప్పుడు దరఖాస్తులో చిన్నప్పటి నుంచి నేర పరిశోధన సీరియళ్లంటే ఇష్టమని రాసింది ఈ అమ్మాయి. అది నిజం కాదు. అసలు కారణం దరఖాస్తుల్లో రాసేది కాదు.

ఆ సీరియళ్ల సంగతికొస్తే, 2000లో అమెరికాలో ‘సీఎస్ఐ’ మొదలయ్యాక బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఫోరెన్సిక్ కోర్సులు పుట్టగొడుగుల్లా లేచాయి. టీవీలో నీలి వెలుతురు పడుతుంది, నిపుణుడు చేతి తొడుగులు వేసుకుంటాడు, ప్రకటనల విరామం ముగిసేలోగా ఫలితం వచ్చేస్తుంది. బోస్నియాలో ఆ ఫలితాల కోసం కొన్ని కుటుంబాలు 30 ఏళ్లుగా ఎదురుచూస్తున్నాయి. విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లడంలో ఆచార్యుల ఉద్దేశం కూడా బహుశా ఆ తేడాను కళ్లకు కట్టడమే.

సరయేవో నుంచి తుజ్లాకు కొండల మధ్య రోడ్డు. తుజ్లా అనే పేరు టర్కీ భాషలో ఉప్పుకున్న మాట నుంచి వచ్చింది. ఊరి కింద ఉప్పు గనులున్నాయి. యుద్ధం ముగిసిన తొలి రోజుల్లో స్రెబ్రెనిత్సా మృతుల అవశేషాలను పెట్టడానికి చోటు చాలక ఇక్కడి సొరంగాల్లో ఉంచారు.

జరిగిందేమిటో ప్రపంచానికి తెలుసు. స్రెబ్రెనిత్సాను ఐక్యరాజ్యసమితి 1993లో ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. 1995 జులై 11న బోస్నియా సెర్బు సేనలు ఆ పట్టణాన్ని పట్టుకున్నాయి. కాపలాగా ఉన్న డచ్ సైనికులు చేష్టలుడిగి చూశారు. కొద్ది రోజుల్లోనే 8 వేల మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపేశారు. ప్రపంచానికి అంతగా తెలియనిది ఆ తర్వాతి భాగం. ఫోరెన్సిక్ విద్యార్థులకు అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఆ ఆగస్టులో ఐక్యరాజ్యసమితిలోని అమెరికా రాయబారి మడలీన్ ఆల్‌బ్రైట్ ఆకాశం నుంచి తీసిన ఫొటోలను భద్రతామండలి ముందుంచారు. కొత్తగా తవ్వి పూడ్చిన నేల వాటిలో స్పష్టంగా కనిపిస్తోంది. రహస్యం బయటపడిందని హంతకులకు అర్థమైంది. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ప్రొక్లెయినర్లతో సమాధులను మళ్లీ తవ్వి, శవాలను లారీల్లోకి ఎత్తి, మారుమూల కొండల్లో కొత్త గోతులు తీసి పడేశారు. యంత్రపు పళ్లు మనిషిని మనిషిగా ఎత్తవు. తల ఒక గోతిలోకి, కాలు ఇంకో గోతిలోకి వెళ్లాయి. ఒక యువకుడి ఎముకలు ఐదు వేర్వేరు చోట్ల దొరికాయి.

నేరాన్ని దాచడానికి చేసిన పనే నేరానికి సాక్ష్యమైంది. కోజ్లుక్ దగ్గర సీసాల్లో నీళ్లు నింపే ఫ్యాక్టరీ పక్కన పగిలిన ఆకుపచ్చ గాజు పోగులుండేవి. అక్కడ చంపి పూడ్చిన వారిని తరలించిన కొత్త గోతుల్లోనూ అదే ఆకుపచ్చ గాజు బయటపడింది. మట్టి, పుప్పొడి, తూటా గుండ్లు, కళ్లకు కట్టిన గుడ్డపీలికలు కూడా ఏ గోతిలోని శవాలు ఏ గోతికి వెళ్లాయో చెప్పాయి. జనరల్ రాడిస్లావ్ క్రిస్టిచ్ కేసులో హేగ్‌లోని అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2001లో స్రెబ్రెనిత్సాలో జరిగింది జాతి నిర్మూలనేనని తేల్చింది. 2004లో అప్పీలు ధర్మాసనం కూడా ఆ మాటనే ఖాయం చేసింది. జనరల్ రాట్కో మ్లాదిచ్‌కు 2017లో యావజ్జీవం పడింది. ఇవన్నీ విద్యార్థులు ఇంగ్లండ్‌లో తెరమీద చూసినవే. ఆకుపచ్చ గాజు సంగతి పరీక్షలో ప్రశ్నగా కూడా వచ్చింది.

కోర్టుకు మాత్రం అది చాలు. ఇక్కడ ఇంతమందిని చంపారని రుజువైతే కోర్టు పని ముగుస్తుంది. చనిపోయింది ఎవరి కొడుకన్నది తల్లి ప్రశ్న. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరాన్ని తుజ్లాలోని శవాగారం కొలిచి చూపిస్తుంది.

గది చల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఇనుప అరలు, వాటి మీద తెల్ల సంచులు, ఒక్కో సంచికి ఒక అంకె. ఒకప్పుడు పైకప్పు దాకా నిండిన అరలు ఇప్పుడు చాలామటుకు ఖాళీ. మొదట్లో నిపుణులు పాత పద్ధతులే నమ్ముకున్నారు. దొరికిన బట్టలకు, పొగాకు డబ్బీలకు, గడియారాలకు ఫొటోలు తీసి పుస్తకాలుగా కుట్టి తల్లులకు చూపించారు. తాము వేసిన మాసికను, తాము అల్లిన స్వెటర్‌ను కొందరు గుర్తుపట్టారు. అయితే ముట్టడిలో ఉన్న ఊళ్లో సహాయ సంస్థలు పంచిన బట్టలే అందరి ఒంటి మీదా ఉండేవి. అన్నదమ్ములు ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నారు. ఆ దారిలో గుర్తించగలిగింది చాలా కొద్దిమందిని.

1996లో ఏర్పడిన తప్పిపోయిన వ్యక్తుల అంతర్జాతీయ కమిషన్ ఈ పనిని తలకిందులు చేసింది. ఎముకను చూసి పేరు ఊహించడం మానేసి, ముందు బతికున్న వారి దగ్గరికి వెళ్లింది. వేలి కొసన సూదితో గుచ్చి, నాలుగు నెత్తుటి చుక్కలను అట్ట ముక్క మీద ఆరబెట్టింది. ఒక్క స్రెబ్రెనిత్సా కోసమే 20 వేల మందికి పైగా బంధువులు అలా వేలు చాపారు. మరోవైపు తొడ ఎముక నుంచో పంటి నుంచో చిన్న ముక్క కోసి, పైపొర గీకి, పొడి చేసి, డీఎన్‌ఏ తీశారు. రెండింటినీ కంప్యూటర్ పోల్చింది. తొలి జత 2001 నవంబర్‌లో కలిసింది. అది 15 ఏళ్ల బాలుడిది. అప్పటి నుంచి స్రెబ్రెనిత్సా మృతుల్లో దాదాపు 7 వేల మందికి పేర్లు తిరిగి వచ్చాయి. ఇంకా వెయ్యి మంది దాకా దొరకాలి.

బృందంలో యంత్రాల మోజున్న ఒక కుర్రాడు ఏ యంత్రం వాడతారు, ఎంత సమయం పడుతుంది అని అడుగుతూనే ఉన్నాడు. శవాగారం మానవ శాస్త్రవేత్త ఓపిగ్గా జవాబులు చెప్పి, చివర్లో అతనికే ఒక ప్రశ్న వేశారు. ఒక తల్లి ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుంది. రెండు అస్థిపంజరాలు దొరికాయి. రెండూ ఆమె బిడ్డలవేనని డీఎన్‌ఏ చెప్పింది. ఏది ఎవరిది? కొడుకులకు భార్యాపిల్లలు లేరు. కుర్రాడు తడుముకున్నాడు. డీఎన్‌ఏ దగ్గర ఇక్కడ జవాబు లేదు. ఇక మళ్లీ ఎముకల దగ్గరికే రావాలి. గొంతు కింద కాలర్ ఎముక లోపలి కొస మనిషి శరీరంలో అన్నిటికన్నా ఆలస్యంగా, పాతికేళ్లు దాటాక పూర్తిగా అతుక్కుంటుంది. అన్నకు 29, తమ్ముడికి 17 అయితే దాన్ని చూసి చెప్పొచ్చు. 21, 19 అయితే చెప్పడం చాలా కష్టం.

అరల్లో మిగిలిన కొన్ని సంచులది ఇంకో కథ. వాటి డీఎన్‌ఏ ఎప్పుడో సిద్ధమైంది. దానితో జత కలిసే నెత్తురు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఇంటిల్లిపాదీ పోయి ఉండొచ్చు. ఇచ్చే వాళ్లు ఏ దేశంలోనో ఉండి ఉండొచ్చు. అడిగేవారు లేని శవం ప్రయోగశాలకు కూడా చేతకానిదే. సిరిసిల్ల అమ్మాయి ఈ మాట దగ్గర నోటుబుక్కులో రాయడం ఆపేసింది.

ఆ మధ్యాహ్నం ఒక అభ్యాసం ఇచ్చారు. ఊహా కేసు: 19 ఏళ్ల యువకుడు, ఇప్పటిదాకా దొరికింది ఒక తొడ ఎముక, కొన్ని పక్కటెముకలు, దవడలో సగం. తల్లికి చెప్పాల్సిన విషయాన్ని నాలుగు వాక్యాల్లో రాయాలి. పద్దెనిమిది మందీ తెలివైనవారే. పద్దెనిమిది కాగితాల్లోనూ ‘అవశేషాలు’, ‘సంభావ్యత’, ‘శాతం’ ఉన్నాయి. శాస్త్రవేత్త ఎర్ర పెన్నుతో ఒక్కో మాటా కొట్టేస్తూ వచ్చారు. తల్లికి శాతం ఎందుకు? ముందుగా ఆమెకు తెలియాల్సింది అది తన కొడుకేనని. తర్వాత, ఎంత దొరికిందో నిజంగా చెప్పాలి. దాచకూడదు, శవపేటిక మోసేటప్పుడు బరువు ఎలాగూ తెలిసిపోతుంది. ఆ తర్వాత అడగాల్సింది అన్నిటికన్నా కష్టమైనది: ఇప్పుడే ఖననం చేస్తారా, మిగతావి దొరికేదాకా ఆగుతారా? ముందుముందు ఇంకో ఎముక దొరికితే మీకు చెప్పాలా, వద్దా?

ఈ చివరి ప్రశ్నకు కుటుంబాలు సంతకం చేసి మరీ జవాబు ఇవ్వాలి. కొందరు ప్రతి ముక్కకూ కబురు చేయమంటారు. ఒకసారి చాలు, ఇక ఫోన్ చేయవద్దని కొందరంటారు. పూడ్చిన సమాధిని తెరిచి, తర్వాత దొరికిన ఎముకను లోపల పెట్టి మళ్లీ మూసిన సందర్భాలు వందల్లో ఉన్నాయి. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక విద్యార్థులు సమర్పించాల్సిన నివేదికకు మార్కులు విశ్లేషణకే. ఈ నాలుగు వాక్యాలకు మార్కులు లేవు. యాత్రలో అసలు పరీక్ష మాత్రం అదే.

మర్నాడు పొటొచారి. రోడ్డుకు ఒకవైపు డచ్ సైనికులు మకాం వేసిన పాత బ్యాటరీ ఫ్యాక్టరీ, రెండోవైపు వాలు నేల మీద వరుసలు వరుసలుగా తెల్ల రాళ్లు. అప్పటికే అక్కడ ఖననమైన వారి సంఖ్య 6,700 దాటింది. ఏటా జులై 11న, ఆ ఏడాదిలో గుర్తించిన వారిని ఆకుపచ్చ గుడ్డ కప్పిన పేటికల్లో తెచ్చి ఇక్కడ పూడుస్తారు. తొలి రోజుల్లో వందల్లో వచ్చే పేటికలు ఈ మధ్య పదుల్లోకి, ఆ కిందికీ దిగాయి. రాళ్ల మీద పుట్టిన సంవత్సరాలు వేరు, పోయిన సంవత్సరం అన్నిటి మీదా ఒకటే. ఒకే ఇంటి పేరు వరుసగా ఐదారు రాళ్ల మీద కనిపించిన చోట బృందంలో మాటలు ఆగిపోయాయి. ముందురోజు యంత్రాల గురించి అడిగిన కుర్రాడు కొంచెం దూరం వెళ్లి ఫ్యాక్టరీ వైపు తిరిగి నిల్చున్నాడు.

సిరిసిల్ల అమ్మాయి ఆ రాత్రి హోటల్ గది నుంచి తల్లికి ఫోన్ చేసి అడిగింది: ‘మామ ఫొటో ఇంకా ఉన్నదా?’

మామ అంటే తల్లికి తమ్ముడు. సిరిసిల్ల నేతగాళ్లకు భివండీ పక్కూరి లాంటిది. ఇక్కడ మగ్గం ఆగితే అక్కడి పవర్‌లూమ్ ఉంటుంది. ఆయన 1996లో, 22 ఏళ్ల వయసులో భివండీ వెళ్లాడు. రెండు దసరాలకు ఇంటికొచ్చాడు. 1999లో ఒక ఉత్తరం రాశాడు. అంతే. బంధువులు ఇద్దరు వెళ్లి సాంచాల దగ్గర, ఆస్పత్రుల్లో, ఒక ఠాణాలో అడిగొచ్చారు. ఠాణాలో రాసుకున్నది మరాఠీలో ఉంది, దాని నకలు ఎవరూ అడగలేదు. పన్నెండేళ్లు నిండాక దర్భలతో బొమ్మ చేసి దహనం చేయమని పురోహితుడు చెప్పాడు. మేనకోడలికి అప్పుడు పదేళ్లు, ఆ గొడవ బాగా గుర్తు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. గడ్డిని కాలబెడితే కొడుకు చచ్చినట్టెట్లా అని అడిగింది. ఏడేళ్లు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం 108వ సెక్షన్ అనేది. 2024 జులైలో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అదే లెక్క. చట్టానికి ఏడేళ్లు, శాస్త్రానికి పన్నెండేళ్లు. అమ్మమ్మకు మాత్రం గడువు లేదు.

ఒక జాతిని తుడిచిపెట్టే ప్రయత్నాన్ని, బతుకుదెరువుకు వెళ్లి కనపడకుండా పోయిన ఒక కార్మికుడి కథను ఒకే తక్కెడలో పెట్టడం తప్పు. ఆమె కూడా పెట్టలేదు. కాని తప్పిపోయిన మనిషికి, దొరికిన శవానికి మధ్య దారి వేయడం ఎలాగో ఆమె తుజ్లాలో చూసింది. భారతదేశంలో ఆ దారి లేదు. దేశంలో ఏటా దొరికే గుర్తుతెలియని శవాలు పదుల వేలల్లో ఉంటాయి. పోలీసులు పంచనామా చేస్తారు, ఫొటో తీస్తారు, చాలాచోట్ల మూడు రోజులు చూసి దహనమో ఖననమో చేస్తారు. 1999లో భివండీ చుట్టుపక్కల అలాంటి శవం ఒకటి దొరికి ఉంటే, ఆ కాగితం, సిరిసిల్లలో ఉన్న తల్లి ఎన్నటికీ కలుసుకోరు.

నిపుణులు లేక కాదు. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు బంధువుల నెత్తురుతో పోల్చి చాలా శవాలను ఇళ్లకు చేర్చారు. అయినా 28 మంది కోసం ఎవరూ రాలేదు. నాలుగు నెలల తర్వాత అక్టోబర్‌లో భువనేశ్వర్‌లో వారికి దహన సంస్కారాలు జరిగాయి. అది ఒకే ప్రమాదం, ఏ రైళ్లో తెలుసు, ఏ రోజో తెలుసు. రోజూ ఒంటరిగా పోయేవారికి అలాంటి జాబితా ఏదీ ఉండదు. గుర్తుతెలియని శవాలన్నిటికీ డీఎన్‌ఏ పరీక్ష చేయాలని 2012లో సుప్రీంకోర్టుకు ఒక పిటిషన్ వెళ్లింది. చట్టం తెస్తామని ప్రభుత్వం చెప్పడంతో 2018లో అది ముగిసింది. బిల్లు వచ్చింది. 2019 జనవరిలో లోక్‌సభ దాటింది, ఆ సభతోపాటే రద్దయింది. మళ్లీ ప్రవేశపెట్టారు, స్థాయీ సంఘానికి వెళ్లింది, 2023 జులైలో ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది. అనుమానితుల డీఎన్‌ఏను, తప్పిపోయిన వారి బంధువుల డీఎన్‌ఏను ఒకే గొడుగు కిందికి తెచ్చిన ఆ బిల్లు మీద వచ్చిన అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. కాని ఈలోగా 2022లో వచ్చిన చట్టం శిక్ష పడ్డవారి నుంచీ, అరెస్టయిన వారి నుంచీ నమూనాలు తీసుకోవడానికి పోలీసులకు దారి చూపింది. నేరస్తుడి నెత్తురు ఎక్కడ పెట్టాలో రాజ్యానికి తెలుసు. తప్పిపోయినవాడి తల్లి నెత్తురు ఎక్కడ పెట్టాలో తెలియదు.

మిగతా చోట్లా పరిస్థితి ఇంతకన్నా మెరుగేం కాదు. కశ్మీర్ ఉత్తర ప్రాంతంలో 38 చోట్ల గుర్తులేని సమాధుల్లో 2,730 శవాలున్నాయని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2011లో తేల్చింది. శ్రీలంకలోని మన్నార్‌లో 2018లో 300కు పైగా అస్థిపంజరాలు బయటపడితే, నమూనాల వయసు తేల్చడానికి వాటిని అమెరికా పంపాల్సి వచ్చింది. నేపాల్‌లోని ధనుషా జిల్లాలో ఐదుగురు యువకుల ఎముకలను ఫిన్లాండ్ నిపుణుల సాయంతో వెలికితీశారు. ఈ ప్రాంతంలో ఎముకల మాట వినడానికి తరచూ విమానం ఎక్కాల్సి వస్తోంది. మన విద్యార్థులు ఆ విద్య నేర్చుకోవడానికి విమానం ఎక్కడంలో వింతేముంది!

యాత్ర చివరి రోజు ఆమె ఆచార్యురాలిని ఒక సందేహం అడిగింది. తండ్రి పోయాడు, తల్లి ఒక్కతే ఉంది, ఆమెకు 80 దాటాయి. ఆ ఒక్క నమూనా సరిపోతుందా? తల్లిదండ్రులిద్దరివీ ఉంటే మేలు, ఒక్కరిదే అయితే బలం తగ్గుతుంది, తోబుట్టువులవి కలపాలి అని ఆచార్యురాలు చెప్పారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూడా ఉందని గుర్తు చేశారు. అది తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. పాఠం తెలిసిందే, కాని ఆ క్షణం దాకా ఆమె దాన్ని తన ఇంటికి అన్వయించుకోలేదు. అమ్మమ్మ నుంచి మామకు, అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు. ఎన్నడూ చూడని మామ ఎముకల్లో ఉన్న గీతలే తన ఒంట్లోనూ ఉన్నాయి. దానితో మాత్రమే మనిషిని తేల్చలేరు, తల్లి వైపు బంధువులందరిదీ ఒకటే కనుక. అయినా అమ్మమ్మ తర్వాత కూడా ఒక ఆధారం మిగులుతుంది.

ఆగస్టులో డిసర్టేషన్ సమర్పించి ఇంటికొచ్చినప్పుడు సూట్‌కేసులో చాక్లెట్ల కింద నమూనాల అట్టముక్కలు నాలుగు తెచ్చింది. తేమ తగలకుండా ఉంచితే ఆ అట్ట మీద ఆరిన నెత్తురు ఏళ్ల తరబడి పాడవదు. అమ్మమ్మ మంచం మీద కూర్చుని వేలు చాపింది. మగ్గం మీద అరిగిన చర్మంలోకి సూది మొదటిసారి దిగలేదు.

‘గింత నెత్తురుతోని దొరుకుతడా బిడ్డా?’

‘తెల్వదు అమ్మమ్మా.’

‘ఎవలకిస్తవ్?’

దానికీ జవాబు లేదు. చుక్కలు ఆరేదాకా ఫ్యాన్ ఆపేసి, కవరు మీద తేదీ, వరుస, తీసినవారి సంతకం రాసింది. ఎవరికి అప్పగించినట్టు అన్న చోట ఏమీ రాయలేదు. తల్లి ఆ కవరును బీరువాలో రేషన్ కార్డు, పట్టా కాగితాల పక్కన, 1999 నాటి ఉత్తరం ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. అమ్మమ్మ వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, భివండీలో ఇప్పుడు ఎండలెట్లున్నయో అని అడిగింది.